బొరాకాయ్: ముందు తీరంలో అలలే లేవు.. వెనక తీరంలో గాలి హోరు! ఒకే దీవిలో ఎందుకిలా?

తెల్లటి ఇసుక, కదలని నీళ్లు.. ఫిలిప్పీన్స్‌లోని బొరాకాయ్ దీవి అనగానే రీల్స్‌లో కనిపించేది ఇదే. కానీ డిసెంబర్, జనవరి నెలల్లో అక్కడి వైట్ బీచ్ నుంచి అవతలి తీరానికి నడిచి వెళ్తే సీన్ మొత్తం మారిపోతుంది. నీళ్లపై దూసుకెళ్లే బోర్డులు, ఆకాశం నిండా రంగురంగుల కైట్లు. ఆ తీరం పేరు బులాబోగ్. దీవి పొడవు దాదాపు 7 కిలోమీటర్లే. మధ్యలో బాగా సన్నగా ఉండటంతో రెండు తీరాల మధ్య దూరం నడకే.

గాలి మారితే తీరం మారుతుంది

సుమారు నవంబర్ నుంచి మార్చి వరకు వీచే ఈశాన్య గాలిని అక్కడ 'అమిహాన్' అంటారు. మన నెల్లూరు వైపు వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలకు ఇది చుట్టమే. బులాబోగ్ తూర్పు తీరం కాబట్టి గాలి నేరుగా తగులుతుంది. పడమటి వైట్ బీచ్‌కి దీవే అడ్డుగోడ. జూన్ నుంచి అక్టోబర్ మధ్య నైరుతి గాలి 'హబగాట్' వస్తుంది. అప్పుడంతా రివర్స్!

కొత్తవాళ్లకు ఎందుకు నచ్చుతుంది?

బులాబోగ్ ముందు పగడపు దిబ్బ ఉంది. పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి, లోపల నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. అయితే ఆటు సమయంలో నీళ్లు తగ్గి, పగడాలు కాళ్లకు కోసుకునే ప్రమాదం ఉంది. అందుకే ఆటుపోట్ల టైమ్ చూసుకునే దిగాలి.

రెండింటికీ తేడా ఏంటి?

విండ్‌సర్ఫింగ్‌లో తెరచాప బోర్డుకే బిగించి ఉంటుంది. కైట్‌సర్ఫింగ్‌లో 20 మీటర్లకు పైగా పొడవున్న తాళ్ల చివర కైట్ ఎగురుతుంది. కైట్ నేర్చుకునేవాళ్లకు 12 నుంచి 20 నాట్లు, అంటే గంటకు 22 నుంచి 37 కిలోమీటర్ల గాలి చాలు. గాలి పెరిగేకొద్దీ చిన్న కైట్ వాడాలి.

అసలు ప్రమాదం ఇక్కడే

వేగం కంటే దిశ ముఖ్యం. అమిహాన్‌లో గేర్ పాడైనా గాలి మనల్ని బులాబోగ్ ఒడ్డుకే నెడుతుంది. అదే హబగాట్‌లో గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి లాక్కెళ్తుంది. నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి కాబట్టి చాలామంది మోసపోతారు.

దిగేముందు సముద్రం వైపు తిరిగి నిలబడండి. గాలి వీపుకు తగిలితే బోర్డు పక్కన పెట్టేయండి. మన బీచ్‌లలో గాలి నింపిన ట్యూబులతో దిగే పిల్లల విషయంలోనూ ఇదే రూల్.