కోరిక వేఱు, సుఖము వేఱు



నేడు నేను మాటలాడదలచిన విషయము మీకు క్రొత్తది కాదు. సంతనుండి మరలివచ్చు మనుష్యుని కాళ్లు ఇంటి త్రోవ విడిచి మద్యపుటంగడి వైపు తిరుగుట మీరందఱును చూచినదే. దానిని మనము సిగ్గులేమి యనియు, బుద్ధిలేమి యనియు చెప్పి తృప్తిపడుదుము. నేనును బడిలో చిరకాలము అట్లే బోధించితిని. ఆ మాట పూర్ణసత్యము కాదని నాకు తెలిసినది ముసలితనముననే.

మా కొత్తపల్లెలో ఒక రైతు కలడు. నాయొద్ద అక్షరములు నేర్చినవాడు, సేద్యమున నేర్పరి. ప్రతిదినము ఉదయమునుండియే త్రాగువాడు. ఒకనాడు పెద్దలము రచ్చకట్టమీద కూర్చుండి అతనిచేత ప్రమాణము చేయించితిమి. అందఱికంటె గట్టిగా మందలించినవాడను నేనే. నాటినుండి చుక్కయైనను ముట్టనీయక ఇంటిలో కావలియుంచితిమి. మఱునాటికి అతని చేతులు వణకజొచ్చెను. మూడవనాటి రాత్రి లేనివారిని చూచి పలుకరించుచు, గోడలమీద పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేసెను. గాలి సోకినదని కొందఱు మంత్రగానికి కబురంపిరి, నేను వారింపనైతిని. అతని భార్య మాత్రము మా మాట వినక, ఆటో పిలిపించి, నంద్యాలకు వైద్యుని యొద్దకు కొనిపోయెను. ఇంకను ఆలస్యమైనచో ప్రాణము దక్కుట కష్టమయ్యెడిదని వైద్యుడు చెప్పెను. మేలు చేయుచుంటినను నమ్మకముతో నేను ఒక ప్రాణమును మృత్యువు వాకిటికి త్రోసితిని. ఆ భయమే నాచేత ఈ విద్యను కొంత చదివించినది.

మన మెదడునందు సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవి. వీనిలో డోపమైన్ అను ద్రవ్యమును పుట్టించునవి కొన్ని లక్షలు మాత్రమే. ఇవి మెదడు నడుమ లోతున గుంపుగా నుండును. అయినను, కాలువ తూమునుండి వెడలిన నీరు వేల యెకరములకు పాఱునట్లు, వీని శాఖలు మెదడులోని దూరప్రదేశములకు వ్యాపించి, మనుష్యుని కదలికను, ఉత్సాహమును, కోరికను నడుపును. ఈ ద్రవ్యము మెదడులో స్వయముగా పనిచేయుచున్నదని 1950ల చివర స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్సన్ కనుగొనెను. అందులకు 2000 సంవత్సరమున ఆయనకు నోబెల్ బహుమానము పంచి యొసగబడెను. ఇది మనకు కేవలము పరదేశపు ముచ్చట కాదు. మన చేలగట్లపై ప్రాకు దూలగొండిని మీరెఱుగుదురు. ఆయుర్వేదమున దీనినే కపికచ్ఛువందురు. మెదడు డోపమైన్ తయారుచేసికొనుటకు వాడుకొను ముడిపదార్థమును 1937లో మదరాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు ఈ గింజలనుండియే వేఱుచేసిరి. అది వణకురోగమునకు ఔషధమాయెను. త్రాగుడునకు మందు మాత్రము కాదు.

డోపమైన్ కణములు ఏమి చెప్పుచున్నవో 1990లలో వుల్ఫ్రమ్ షుల్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు కోతులయందు పరీక్షించెను. కోతి నోటిలో పండ్లరసపు చుక్క పడగానే ఈ కణములు చురుకుగా మ్రోగినవి. ప్రతిసారియు రసమునకు ముందు ఒక గుఱుతు చూపగా, కొన్నాళ్లకు అవి రసమునకు మ్రోగుట మాని, ఆ గుఱుతునకే మ్రోగసాగినవి. గుఱుతు చూపి రసమీయకున్నచో, రసము రావలసిన క్షణమున మున్నున్న సద్దుకూడ అణగిపోయినది. ఇవి సుఖమును కొలుచునవి కావు. అనుకొన్నదానికంటె ఎక్కువ వచ్చెనా తక్కువ వచ్చెనా యని లెక్కచూచు కరణములు. ఈ పరిశోధనకు షుల్ట్జ్‌కు మఱి యిద్దఱితోపాటు 2017లో మెదడు విజ్ఞానపు గొప్ప బహుమానము లభించెను.

అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున కెంట్ బెర్రిడ్జ్ మఱియొక వింత చూపెను. డోపమైన్ లేకుండ చేయబడిన ఎలుకల నోటిలో తీపి వేసినచో అవి మునుపటివలెనే చప్పరించును. కాని యెదుటనున్న ఆహారమునొద్దకు పోవు కోరిక వానికి లేదు. అనగా కోరిక వేఱు, సుఖము వేఱు. త్రాగుబోతు "దీనియందు నాకు సుఖము లేదయ్యా" అని యేడ్చుచునే అంగడికి పోవుట కపటము కాదు. సుఖము ఎండిపోయినను కోరిక పొంగుచుండుటయే ఆ రోగలక్షణము.

మద్యము చేయు మోసమిది. అన్నము, ఆట, బిడ్డ నవ్వు మనము అనుకొన్నంతే ఇచ్చినచో ఆ కరణము ఊరకుండును. మద్యమో, త్రాగిన ప్రతిసారియు తానే డోపమైన్‌ను పెంచి "అనుకొన్నదానికంటె ఎక్కువ వచ్చెను" అని దొంగలెక్క వ్రాయించును. అంగడి దీపము, స్నేహితుని పిలుపు, చేతికి వచ్చిన కూలిడబ్బు, ప్రొద్దుగ్రుంకు వేళ, ఇవన్నియు కోతికి చూపిన గుఱుతువంటివగును. కావున ఉదయము చేసిన ప్రమాణము నిజమే. సాయంకాలపు దప్పికయు నిజమే. నీరు మితిమీఱి వచ్చునపుడు రైతు తూము మూసినట్లు, మెదడు ఆ ద్రవ్యమును అందుకొను ద్వారములను తగ్గించుకొనును. అప్పుడు పండుగయు, పంటయు, బిడ్డలును రుచింపరు. నిద్రలేమియు, విచారమును, తుదకు ప్రాణముపై విరక్తియు కలుగవచ్చును. త్రాగుడును మనోవ్యాధియు ఒకదానినొకటి పెంచుకొనునని దీనివలన తెలియుచున్నది.

ఆ రైతుకు మూడవనాడు కలిగినది గాలి కాదు. మద్యము మెదడును మందగింపజేయును. దానికెదురుగా మెదడు దినదినము బలము పెంచుకొనును. బరువుబండిని మిట్టకు లాగుచున్న యెద్దుల కాడి ఒక్కసారిగా తెగినచో అవి ముందునకు దూకిపడునట్లే, మద్యము తటాలున మానగా మెదడు అదుపు తప్పును. వణకు, మూర్ఛలు, భ్రమ, ఒక్కొక్కప్పుడు మరణమును సంభవించును.

అట్లయినచో మనుష్యునకు బాధ్యత లేదా యని మీరు అడుగవచ్చును. కలదు. నేర్చుకొన్న కణములు మరల నేర్వగలవు. కాని నెలలు పట్టును, తోడు కావలెను. ఆ తోడు ఎట్టిదో మన స్త్రీలే చూపిరి. షుల్ట్జ్ కోతులను పరీక్షించుచున్న ఆ దశాబ్దముననే, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొనుచు సారాయి అంగడిని తమ యూరినుండి వెడలగొట్టిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా 1993 అక్టోబరు 1న సారాయి నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. రెండవది 1997లో సడలింపబడెను. చట్టము వచ్చును, పోవును. కాని గుఱుతును కంటికెదుట లేకుండచేయుట సగము వైద్యమని ఆ తల్లులు ఏ గ్రంథమును చదువకయే యెఱిగిరి.

కావున నా విన్నపములు నాలుగు. ప్రతిదినము విస్తారముగా త్రాగువానిని వైద్యుని సలహాలేక హఠాత్తుగా మానిపింపకుడు. రచ్చలో అవమానింపకుడు, అవమానము వానిని మరల ఆ యంగడికే తఱుమును. సాయంకాలపు వేళ అతనికి వేఱొక పనిని, వేఱొక త్రోవను, ఒక తోడును కల్పింపుడు. మాని మరల జాఱినచో "అంతా పోయె"నని విడువకుడు. అది రోగము తిరుగబెట్టుట వంటిది. వ్యసనవిముక్తికి 14446, మనోవ్యథకు 14416 అను ప్రభుత్వపు ఉచిత టెలిఫోను సంఖ్యలు కలవు; ఇవి ప్రతి రచ్చబండ గోడపై వ్రాయదగినవి.

మా రైతు ఇప్పటికి రెండుసార్లు జాఱి మూడవసారి నిలిచియున్నాడు. అంగడి లేని త్రోవను ఇంటికి వచ్చుచున్నాడు. ఆ త్రోవ మా యింటి ముందుగా పోవును. సాయంకాలము నేను అరుగుమీద కూర్చుండి అతనిని పిలుతును. "ఏమయ్యవారూ, ఈ పూటకూడ కావలియేనా?" అని నవ్వుచు అతడు వచ్చి కూర్చుండును. ఒకనాడు రచ్చకట్టమీద నేను చేసిన తప్పునకు ఇది నా ప్రాయశ్చిత్తము. మీ యూళ్లలోను ఇట్టి అరుగులు కలవు. సెలవు.