ఇంటిలోకి వచ్చిన కరివేపాకు

పని తీరిన తరువాత ఒకరిని పక్కకు నెట్టడాన్ని 'కూరలో కరివేపాకులా తీసివేయడం' అంటాం. పెరటిలో చెట్టు ఉన్నవారికి ఆకు విలువ పట్టదు కనుకనే ఈ నుడికారం పుట్టి ఉంటుంది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో ఈ మాట చెల్లదు. అక్కడ కరివేపాకు నేలలో కాక కుండీలో పెరుగుతుంది. వేసవి నెలలలో వాకిట ఎండ కాచుకొంటుంది. తక్కిన ఏడు నెలలూ ఇంటిలో, కిటికీ పక్కన, కుటుంబంలో ఒకరుగా నివసిస్తుంది. ఆరుబయటి కుండీమొక్కను శీతకాలంలో ఇంటిమొక్కగా మార్చి కాపాడుకోవడం శీతల దేశాలన్నింటిలో కనిపించే అలవాటు. దాని వెనుకనున్న కారణాలను, పద్ధతులను తెలుసుకొందాం.

మన ప్రబంధకవులు హేమంతాన్ని ఎంత వర్ణించినా, వారి తోటలలోని మొక్కలకు ఇల్లు చేరవలసిన అవసరం కలుగలేదు. లంబసింగి, ఆదిలాబాదు ప్రాంతాలలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల దరిదాపులకు దిగినా, తెల్లవారిన తరువాత ఎండ వస్తుంది. న్యూజెర్సీలో జనవరి రాత్రులు తరచుగా సున్నాకు దిగువనే గడుస్తాయి. అంతటి చలిలో మొక్క కణాల మధ్యనున్న నీరు గడ్డకడుతుంది. ఆ మంచు కణాలలోని నీటిని బయటకు లాగివేస్తుంది. కణపు పొరలు చిరిగిపోతాయి. ఉష్ణమండలపు మొక్కకు దీనిని తట్టుకొనే శక్తి లేదు. కుండీలో ఉండడం మరొక ప్రమాదం. నేలలోని వేళ్లకు భూమి వెచ్చదనం రక్షణగా ఉంటుంది. కుండీలోని గుప్పెడు మట్టిని చలి అన్ని వైపుల నుండి చుట్టుముడుతుంది. అందువలన నేలలో బ్రతుకగల మొక్క కూడా కుండీలో చనిపోవచ్చు.

ఈ అలవాటుకు రాజభోగం కూడా ఒకప్పుడు తోడయింది. ఫ్రాన్సులో పద్నాలుగవ లూయీ కొలువున్న వెర్సాయ్ ప్రాసాదంలో, 1684–1686 సంవత్సరాల మధ్య, మాన్సార్ అనే వాస్తుశిల్పి నారింజచెట్ల కొరకే ఒక మహాసౌధాన్ని నిర్మించాడు. దాని నడిమి మండపం పొడవు 150 మీటర్లకు పైమాటే. మందమైన గోడలు, దక్షిణానికి తిరిగిన ఎత్తైన కిటికీలు దాని ప్రత్యేకత. పెద్ద చెక్కపెట్టెలలో పెంచిన చెట్లను అక్టోబరులో లోపలికి చేర్చి, మే నెలలో బయటకు తెస్తారు. ఆ పని నేటికీ సాగుతున్నది. నారింజ, నిమ్మ, కరివేపాకు ఒకే కుటుంబానికి చెందిన మొక్కలని వృక్షశాస్త్రం చెబుతున్నది. రాజుగారి నారింజకు పట్టిన భాగ్యమే మన కరివేపాకుకూ పట్టిందన్నమాట.

ఆ చుట్టరికమే దానికి ఒక చిక్కును కూడా తెచ్చిపెట్టింది. నిమ్మజాతి తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును సిల్లా అనే చిన్న పురుగు వ్యాపింపజేస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో 1998లో ఆ పురుగు, 2005లో ఆ తెగులు బయటపడ్డాయి. ఆ పురుగుకు కరివేపాకు కూడా ఇష్టమైన నెలవు. కనుక మన దేశం నుండి మొక్కను సామానులో పెట్టుకొని వెళ్లడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. చలికి ఒక మొక్క పోతే మరొకటి తెచ్చుకోవడం సులభం కాదు.

రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగకముందే మొక్కను లోపలికి తేవాలి. అయితే ఎండలో నుండి నేరుగా గదిలోకి తేకూడదు. నడివేసవి మధ్యాహ్నపు ఎండ తీవ్రత సుమారు లక్ష లక్సులు. గదిలో కిటికీకి కొంచెం ఎడంగా జరిగితే అది కొన్ని వందలకు పడిపోతుంది. మన కన్ను వెంటనే సర్దుకొంటుంది కనుక ఆ తేడా మనకు తెలియదు. మొక్కకు మాత్రం అది పస్తు. అందుకని వారం పదిరోజులు చెట్టునీడలో ఉంచి, తరువాత దక్షిణపు కిటికీ వద్దకు చేర్చాలి. ఆకుల అడుగున పిండినల్లి, పొలుసు పురుగు, ఎర్రనల్లి ఉన్నాయేమో వెదకి, పలుచని సబ్బునీటితో కడగాలి. బయట వాటిని తినే పురుగులుంటాయి, ఇంటిలో ఉండవు. గదిని వెచ్చజేసే యంత్రం గాలిలోని తేమను తగ్గిస్తుంది. ఎర్రనల్లికి కావలసినది ఆ పొడిగాలే.

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా కొన్ని ఆకులు రాలుతాయి. ఇక్కడే నేనొక పొరపాటు చేశాను. కొన్నేళ్ల క్రితం డిసెంబరులో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, వాడి ఉన్న కరివేపాకును చూసి దాహంతో ఉన్నదని భ్రమించి, రోజూ ఉదయం చెంబెడు నీళ్లు పోశాను. "నాన్నా, చలికాలంలో దానికి అంత నీరు పనికిరాదు" అని అమ్మాయి చెప్పినా, పెరటి చెట్టును పెంచిన అనుభవం నాకున్నదని వినలేదు. మూడు వారాలకు కాండం మొదలు మెత్తబడింది.

కారణం తరువాత తెలిసింది. వెలుతురు తగ్గినప్పుడు మొక్క ఆహారం తయారుచేసుకోవడం తగ్గుతుంది. ఆకుల ద్వారా నీరు ఆవిరికావడమూ తగ్గుతుంది. పోసిన నీరు మట్టిలోనే నిలిచి, గాలి ఉండవలసిన సందులను నింపుతుంది. ఊపిరాడని వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు కాబట్టి ఆకు వాడుతుంది. నీరు చాలక వాడిన ఆకు, నీరెక్కువై వాడిన ఆకు చూపునకు ఒకే తీరుగా ఉంటాయి. చూసినవారు జాలిపడి మరికొంత నీరు పోస్తారు. మట్టిలోకి రెండు అంగుళాల లోతున వేలుపెట్టి, పొడిగా తగిలితేనే నీరు పోయాలి. అడుగుపళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. వసంతం దాకా ఎరువు వేయకూడదు. శీతకాలంలో మనం కోరవలసినది మొక్క పెరుగుదల కాదు, దాని ప్రాణం నిలవడం.

అన్ని మొక్కలకూ కిటికీ అక్కరలేదు. దానిమ్మ, అత్తి ఆకులన్నీ రాల్చి సుప్తావస్థలోకి వెళతాయి కనుక గడ్డకట్టని చల్లని చీకటిగదిలోనైనా ఉండగలవు. మెట్టతామర దుంపలను త్రవ్వి దాచుకొంటారు. తులసిని నిలుపుకోవడం కష్టం; గింజలు దాచుకోవడమే మేలు.

మా అమ్మాయి ఆ మొక్కను కుండీ నుండి తీసి, కుళ్లిన వేళ్లను కత్తిరించి, కాండాన్ని జానెడు ఎత్తున కోసి, పొడిమట్టితో చిన్న కుండీలో నాటింది. నేను తిరిగి వచ్చేనాటికి అది ఎండుపుల్ల. ఏప్రిల్ నెలలో మొదలు వద్ద రెండు చిగుళ్లు కనిపించాయని ఫోను చేసింది. మే నెల నడుమ, మంచు భయం తీరిన తరువాత, మొదట రోజుకు ఒక గంట, తరువాత రెండు గంటలు చొప్పున నీడలో నుండి ఎండలోకి జరుపుతూ వచ్చిందట. గదిలో పుట్టిన లేత ఆకు ఒక్కసారిగా ఎండ తగిలితే మాడిపోతుంది. ఆ ఏడు పులుసులోకి ఒక్క రెమ్మయినా త్రుంచవద్దని ఈసారి నేనే చెప్పాను.