ఆకాశమునకు హద్దులు: పట్టణములో డ్రోను నెగురవేయుటకు నియమములు

భూమికి హద్దురాళ్ళు కలవు. చెఱువునకు కట్టయు తూమును కలవు. గాలికి మాత్రము హద్దు లేదని మనము తలంతుము. విమానములు పుట్టిన పిదప నీ తలంపు చెల్లలేదు. మన దేశమున 1934వ సంవత్సరపు విమానముల చట్టము ‘విమానము’ అను మాటకు చెప్పిన అర్థములో బెలూనులతోబాటు గాలిపటములును చేరియుండెను. ఆ చట్టమునకు మాఱుగా భారతీయ వాయుయాన అధినియమము, 2024 అనునది 2025 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. గాలిపటమే లెక్కకు వచ్చినప్పుడు, మీట నొక్కినంతనే నింగికెగయు డ్రోను లెక్కకు రాకుండునా?

విద్యార్థులారా! ఈ సంగతి మనకేల యందురేమో. జనగామ, లింగాల ఘనపూర్ ప్రాంతముల పెండ్లిండ్లలో నేడు డ్రోనుతో ఛాయాచిత్రములు తీయుట వాడుకయైనది. పొలములపై మందు చల్లుటకును అది వచ్చినది. ఇచట పని నేర్చిన యువకుడు రేపు జీవనార్థమై హైదరాబాదు చేరును. మన ఊరి చెఱువుకట్టపై అడ్డులేకుండ ఎగిరిన యంత్రమే అచట నేరమునకు హేతువు కావచ్చును. యంత్రము మాఱలేదు, చేయి మాఱలేదు. దాని పైనున్న ఆకాశము మాఱినది. కావున ‘నా డ్రోను ఎట్టిది?’ అని మాత్రమే గాక, ‘నేను ఎచట నిలిచియున్నాను?’ అని అడుగుట నేర్వవలయును.

ఇప్పుడు నడచుచున్న డ్రోను నియమావళి 2021 ఆగస్టులో ప్రకటింపబడినది. దానిలో డ్రోనులు, మోయు బరువుతో గూడ, ఐదు తరగతులుగా విభజింపబడినవి. 250 గ్రాములకు మించనిది నానో, అటుపై 2 కిలోగ్రాముల వఱకు మైక్రో, 25 కిలోగ్రాముల వఱకు చిన్నది, 150 కిలోగ్రాముల వఱకు మధ్యమము, ఆపైన పెద్దది.

మోటారు బండికి సంఖ్య యున్నట్లే డ్రోనునకును ప్రత్యేక గుర్తింపు సంఖ్య యుండవలెను. దీనికి నియమావళిలో రుసుము 100 రూపాయలు మాత్రమే. నానో తరగతికిని, వినోదము, విద్య మున్నగు వానికై వాడు 25 కిలోగ్రాముల లోపు నమూనా విమానములకును తప్ప, మిగిలిన వానికి వాని రకమును పరీక్షించి యిచ్చిన ధ్రువపత్రము గూడ కావలయును. విదేశములలో తయారైన డ్రోనుల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న కేంద్రప్రభుత్వము నిషేధించినది. పరిశోధన, దేశరక్షణ, భద్రతలకు మాత్రము మినహాయింపు కలదు. అంగడిలో చౌకగా దొరకినదని కొనువాడు ఈ రెండు సంగతులను ముందే విచారింపవలెను.

ఇక ముఖ్యమైనది ఆకాశపటము. 2021 సెప్టెంబరు 24న ప్రకటింపబడిన ఈ పటమును ‘డిజిటల్ స్కై’ అను ఇంటర్నెట్ పుటలో ఎవరైనను చూడవచ్చును. అందు మూడు రంగులు కలవు. ఆకుపచ్చ మండలములో 400 అడుగుల ఎత్తువఱకు ముందుగా అనుమతి కోరనక్కఱలేదు. పసుపు మండలములో విమానముల రాకపోకలను నడపు అధికారుల అనుమతి కావలయును. ఎఱ్ఱ మండలములో కేంద్రప్రభుత్వ అనుమతి లేనిదే ఎగురవేయరాదు.

పనిచేయుచున్న విమానాశ్రయపు ప్రహరినుండి 8 మొదలు 12 కిలోమీటర్ల దూరమున 200 అడుగుల వఱకే ఆకుపచ్చ, దానిపైన పసుపు. 5 మొదలు 8 కిలోమీటర్ల దూరమున నేల మొదలుకొనియే పసుపు. ఈ కొలతలలోని న్యాయమును గణితముచే గ్రహింపవచ్చును. విమానము సాధారణముగా 3 డిగ్రీల వాలున దిగును. అట్లయిన, దిగు చోటినుండి 12 కిలోమీటర్ల దూరమున అది సుమారు 630 మీటర్ల ఎత్తున నుండును. 5 కిలోమీటర్ల దూరమున 260 మీటర్లకు వచ్చును. విమానము క్రిందికి వచ్చుకొలది డ్రోనునకు చోటు తగ్గుచున్నది. హెలికాప్టరులు ఇంకను తక్కువ ఎత్తున తిరుగును.

హైదరాబాదునందు ఈ విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము. శంషాబాదు విమానాశ్రయ మొక్కటియే తలంపునకు వచ్చును గాని, నగరము నడుమ బేగంపేట కలదు. ప్రయాణికుల విమానములు 2008 మార్చిలో శంషాబాదునకు మాఱినను అది మూతపడలేదు. హకీంపేటలో వాయుసేన స్థావరమును, దుండిగల్లులో వాయుసేన అకాడెమీయు నున్నవి. మనకు దాపుననున్న వరంగల్లులో మామునూరు పాత విమానాశ్రయమును తిరిగి నడపుటకు 2025లో కేంద్రము సమ్మతించినది. అది పని మొదలిడినచో అచటి పటపు రంగులును మాఱగలవు.

పటము నొకసారి చూచి యూరకుండరాదు. జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు తక్కువగాని అధికారి యొక ప్రదేశమును 96 గంటలకు మించకుండ తాత్కాలికముగా ఎఱ్ఱ మండలముగా ప్రకటింపవచ్చును. ప్రముఖులు వచ్చినప్పుడును, ఉత్సవముల యందును పోలీసు కమీషనర్లు వేఱుగా నిషేధాజ్ఞలు వెలువరించుటయు కలదు. కావున ఎగురవేయు దినముననే పటమును, పోలీసు ఉత్తరువులను చూచుట విధి.

నడపువాని యోగ్యత ఎట్టిది? వయస్సు 18 మొదలు 65 సంవత్సరములలోపు నుండవలెను. పదవ తరగతిలో ఉత్తీర్ణుడై యుండవలెను. ప్రభుత్వ సమ్మతి గల శిక్షణాలయమున నేర్చి పరీక్షలో నెగ్గవలెను. అట్లు పొందిన ధ్రువపత్రము 10 సంవత్సరములు చెల్లును. నానో డ్రోనునకును, వ్యాపారార్థము గాక మైక్రో డ్రోనును నడపువానికిని ఇది అక్కఱలేదు. ఇచటనే పలువురు పొరబడుచున్నారు. ఒక కిలోగ్రాము బరువుగల డ్రోనుతో చెల్లెలి పెండ్లిని చిత్రించువానికి ధ్రువపత్రము లేకున్నను చెల్లును; అదే డ్రోనుతో పరుల పెండ్లిని కూలికి చిత్రించిన యెడల చెల్లదు.

నానో తప్ప మిగిలిన వానికి పరుల నష్టమునకై బీమా యుండవలెను. ప్రమాదము జరిగిన 48 గంటలలో పౌర విమానయాన డైరెక్టరేటునకు తెలుపవలెను. మనుష్యులెక్కు విమానమునకు ఎల్లప్పుడు దారి విడువవలెను. నియమములను మీఱినవానికి లక్ష రూపాయల వఱకు జరిమానా కలదు. ఒక పెండ్లి చిత్రములవలన వచ్చు కూలిని దీనితో పోల్చి చూచుకొనుడు!

చట్టము పటములో గీయని హద్దు మఱియొకటి కలదు. అది పొరుగువారి ముంగిలి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల పీఠము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. స్త్రీల ఏకాంతమును చాటుగా చిత్రించుట భారతీయ న్యాయ సంహిత ననుసరించి శిక్షార్హమైన నేరము. మేడపై బట్టలారవేయు తల్లికి తన తలపై కన్నొకటి తిరుగుచున్నదను భయము కలిగింపరాదు.

ఇన్ని నియమములను విని చట్టము డ్రోనునకు శత్రువని తలంపకుడు. 2021 సెప్టెంబరు 11న మన రాష్ట్రమున వికారాబాదులో, తగిన అనుమతితో, నడపువాని కంటిచూపునకు దాటిన దూరమునకు డ్రోనులచే ఔషధములను పంపు ప్రయత్నము ఆరంభమైనది. ప్రభుత్వ గుర్తింపు గల విద్యాలయములు ఆకుపచ్చ మండలమున, తమ ఆవరణలోనే పరిశోధనార్థము ఎగురవేయునప్పుడు గుర్తింపు సంఖ్యయు, నడపువాని ధ్రువపత్రమును లేకయే చేయుటకు నియమావళి వీలు కల్పించినది. ఆటస్థలమున మన విద్యార్థులు నేర్చుకొనుటకు ద్వారము తెఱచియే యున్నది.

పదవ తరగతి పరీక్షకు చదువుచున్న బాలబాలికలారా! ఈ వృత్తికి అడుగు చదువు మీ చేతిలోనిదే. ధనవంతుని బిడ్డకును, కూలివాని బిడ్డకును నియమ మొక్కటియే. నగరమునకు పోవునాడు కొత్త యంత్రమును మాత్రమే గాక, దాని సంఖ్యను, మీ ధ్రువపత్రమును, ఆనాటి పటమును వెంటగొని పొండు. అప్పుడు పోలీసువారు పిలిచి యడిగినను తల వంచుకొనవలసిన పని యుండదు.