ముడి విప్పడమా, పాదం పూరించడమా?

మా బడిలో లెక్కల మేష్టారు నల్లబల్ల మీద ‘సాధించండి’ అని రాస్తారు. ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకు అదే లెక్క మీద ‘సాల్వ్’ అని ఉంటుంది. రెండూ ఒకటేనని పిల్లలూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం. పుట్టుక చూస్తే ఒకటి కావు.

లాటిన్‌లో ‘సొల్వెరె’ అంటే విప్పడం, వదులు చేయడం. రోమనులు కట్టు విప్పినా, ఓడను రేవు నుంచి వదిలినా, అప్పు చెల్లించినా ఈ క్రియే వాడారు. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలోనూ దానిది విప్పడమనే అర్థమే. చిక్కుప్రశ్నకు జవాబు కనిపెట్టడమనే అర్థం 16వ శతాబ్దంలో కనిపిస్తుంది. బాకీలు చెల్లించగలవాణ్ణి ‘సాల్వెంట్’ అనడంలో పాత వాసన ఇంకా మిగిలే ఉంది. మనం మాత్రం? అప్పునూ తగవునూ ‘తీర్చు’ అనే ఒక్క మాటతోనే ముగిస్తాం గదా!

దీనికి గ్రీకు చుట్టం ‘లూసిస్’. సాహిత్య విద్యార్థి పట్టించుకోవలసింది దీన్ని. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో విషాదనాటక కథను రెండుగా విడదీశాడు: ముడి పడటం ‘దెసిస్’, ముడి వీడటం ‘లూసిస్’. ఆ వీడటం కథలోంచే రావాలి గాని, యంత్రం మీద దిగివచ్చే దేవుడి వల్ల కాకూడదన్నాడు. యూరిపిడీస్ ‘మెడియా’ ముగింపును ఆ దృష్టితోనే తప్పుపట్టాడు. మన కథల్లో చివరి పేజీలో హఠాత్తుగా జెండా పట్టుకుని ప్రత్యక్షమయ్యే నాయకుడు ఆ దేవుడికి తమ్ముడే. ఈ మాట మనవాళ్లకు రుచించకపోవచ్చు.

ఇక మన ‘పరిష్కారం’ సంగతి. సంస్కృతంలో దానికి మెరుగుపెట్టడం, అలంకరించడం అని అర్థం. తాళపత్ర ప్రతులను పోల్చి, తప్పులు దిద్ది, గ్రంథాన్ని శుద్ధంగా నిలబెట్టేవాణ్ణి ‘పరిష్కర్త’ అనేది అందుకే. ఇందులో ముడీ లేదు, విప్పడమూ లేదు. ‘సమస్య’ అయితే మరీ విచిత్రం. అవధాని ముందు పృచ్ఛకుడు పెట్టే పద్యపాదం అది. పైకి అసంబద్ధంగా కనిపించే ఆ పాదాన్ని అవధాని తెంచడు, విప్పడు; తక్కిన మూడు పాదాలూ చేర్చి అర్థవంతం చేస్తాడు. పూరణ అంటే సందర్భాన్ని సృష్టించడమన్నమాట.

కథకు పరిష్కారం లేదేమని రచయితను నిలదీసే ముందు మన విమర్శకులు ఏ అర్థంలో అడుగుతున్నారో చెప్పాలి. ముడి విప్పమనా, పాదానికి సందర్భం పూరించమనా? 1888లో సువోరిన్‌కు రాసిన ఉత్తరంలో చెహోవ్ సమస్యను తీర్చడం వేరు, సరిగా ప్రతిపాదించడం వేరు అన్నాడు. కళాకారుడికి విధి రెండోదేనన్నాడు. ‘అన్నా కరేనినా’లో ఒక్క సమస్యా తీరలేదని, అయినా అది పాఠకుణ్ణి తృప్తిపరుస్తుందని అక్కడే ఉదాహరణ చూపాడు.