తనంతట తాను దారి చూచుకొను యంత్రము



మందు చల్లు డ్రోను అద్దెకు వచ్చు దినములివి. దానిని నడపు మనిషి గట్టుపై నిలిచియుండును. చేలో దారి చూచుకొనునది మాత్రము యంత్రమే. ఆ దారి రెండు గజములు తప్పినచో ఏమగునో యోచించితిరా? వరిలో వెడల్పాకు కలుపుకై చల్లిన 2,4-డి మందు పక్క మడిలోని వంగకు తగిలినచో ఆకులు ముడుచుకొని తోట చెడును. మందు ఖర్చు మీది, తగవును మీదే.

యంత్రమునకు దారి చెప్పునవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జీపీఎస్ ఉపగ్రహములు. నాలుగింటి సంకేతములైనను అందినగాని అది తానున్న చోటును లెక్కకట్టుకొనజాలదు. అంత దూరము వచ్చు సంకేతమునకు నడుమ ఆలస్యము తప్పదు. అయనోస్ఫియరు అను విద్యుత్కణముల పొర ఇందుకు ముఖ్య కారణము. ఈ పొరను గూర్చి మన వాల్తేరులోనే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్ర విభాగమువారు దశాబ్దములుగా పరిశోధించిరి. గగన్ పథకము క్రింద దేశమంతట నెలకొల్పిన జీపీఎస్ రిసీవర్ల లెక్కలతో ఆచార్య పి.వి.యస్. రామారావు, వారి సహచరులు 2006లో ప్రకటించిన ఫలితములు మన రైతులకును పనికివచ్చునవే. ఈ పొర తెల్లవారుజామున పలుచన, మధ్యాహ్నము దాటిన పిదప మిక్కిలి చిక్కన. ప్రొద్దు గ్రుంకిన పిదప సంకేతములు మినుకుమినుకుమని తెగిపోవుటయు గలదు. ఉదయము గాలియు తక్కువ గనుక, ఆకులపై మంచు ఆరగానే మందు చల్లించుట మేలు.

అయినను ఒంటి జీపీఎస్‌కు కొన్ని మీటర్ల తప్పు సహజము. డ్రోను ఒక్కమారు చల్లు వెడల్పే సుమారు నాలుగు మీటర్లు! దీనికి విరుగుడు ఆర్.టి.కె. పద్ధతి. అనకాపల్లి బెల్లము మార్కెట్టులో కాటా తప్పు చూపుచున్నదని అనుమానము కలిగినచో ఏమి చేయుదురు? కిలో రాయి పెట్టి, తేడా ఎంతో చూచి, ఆ తేడాను తూకములో తీసివేయుదురు. ఇచటను అంతే. చోటు ముందే ఖచ్చితముగా తెలిసిన ఒక స్థిర కేంద్రము ఉపగ్రహముల తప్పును క్షణక్షణము కనుగొని యంత్రమునకు తెలుపును. అప్పుడు తప్పు రెండు మూడు సెంటీమీటర్లకు దిగును. 2020 డిసెంబరులో మొదలైన భూముల పునఃసర్వేలో సర్వేయర్లు వాడిన రోవరు ఈ పద్ధతిదే. గ్రామాధికారులకు ఇది క్రొత్త గాదు. డ్రోను మాట్లాడుకొనునపుడు ఆర్.టి.కె. ఉన్నదా యని మొదట అడుగుడు.

ట్రాక్టరుకును స్టీరింగు తానే త్రిప్పుకొను అమరిక వచ్చినది. పొడవైన చాళ్లున్న విశాలమైన చేలలో అది మంచిదే. ముప్పది సెంట్ల మడులలో ట్రాక్టరు నడచుట కంటె మలుపు తిరుగుటయే ఎక్కువ. అట్టి చోట దానికై అప్పు చేయుట తగదని మా అభిప్రాయము.

డ్రోనులో దిక్సూచి కూడ నుండును. ఇనుప రేకుల షెడ్డు ప్రక్కను, ట్రాక్టరు దగ్గరను, బోరు పైపుల గుట్ట చెంతను దానిని లేపినచో దిక్కు తప్పి గుండ్రముగా తిరుగును. బయలు నేల మీదనే లేపవలెను. విద్యుత్తు తీగలను, కొబ్బరి చెట్లను ముందే చూచుకొనవలెను.

విశాఖపట్నము చుట్టుపట్ల వారికి మరియొక జాగ్రత్త. ఇచట నౌకాదళ విమానస్థావరము, ఓడరేవు, ఉక్కు కర్మాగారము కలవు. 2021 డ్రోను నియమముల ప్రకారము ఎర్ర మండలములో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగురవేయరాదు. పసుపు మండలములో విమాన రాకపోకలను నియంత్రించువారి అనుమతి కావలెను. మీ పొలము ఏ రంగులో నున్నదో డిజిటల్ స్కై పటములో చూపించుకొనుడు. నడుపువాని పైలటు సర్టిఫికెట్టును అడిగి చూచుటకు మొగమాటపడనక్కరలేదు.

హద్దు గుర్తించుటకు అతడు చేను చుట్టి వచ్చునపుడు మీరును వెంట నడువుడు. పక్క చేని రైతును పిలుచుట ఇంకను మంచిది. గట్టు వెంబడి ఒక పట్టె విడిచిపెట్టించి, ఆ భాగమును చేతి స్ప్రేయరుతో చల్లుకొనుడు.