మీకు తెలుసా? సైటేషన్లు సగమే చెప్పిన సుబ్బారావు

పరిశోధకుడి ఘనతను సైటేషన్లతో, అంటే ఇతరులు తమ వ్యాసాల్లో ఆయన పేపరును ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్కతో కొలుస్తుంటారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) విషయంలో ఆ లెక్క సగమే చెబుతుంది. తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రచురించిన పేపరు భాస్వరాన్ని కొలిచే పద్ధతి గురించి. మాలిబ్డేట్‌తో చర్య జరిపించి, క్షయకరణి కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కబడితే భాస్వరం అంత ఎక్కువ. నిత్యం ప్రయోగశాలల్లో అక్కరకొచ్చే పని కాబట్టి వేలకొద్దీ సైటేషన్లు వచ్చాయి.

లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి చూసిన డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బృందం 1948లో వెలువరించిన పేపరులో మాత్రం రచయితల వరసలో సుబ్బారావు లేరు. ఆ మందు వచ్చింది ఆయన పరిశోధనలకు సారథ్యం వహించిన మందుల సంస్థ లెడర్లీ నుంచే. చికిత్స చేసినవాళ్లే రాసుకున్నారు, తప్పేముంది అంటారా? తప్పేమీ లేదు. కాకపోతే టైటిల్ కార్డు చూసి సినిమా ఎవరిదో తేల్చేసే ఫిల్మ్‌నగర్ అలవాటు ఇక్కడ పనికిరాదు. పోనీ, సైటేషన్లు దండగేనా? కాదు, ఒక పద్ధతిని తోటి శాస్త్రవేత్తలు ఎంతగా వాడారో అవి బాగానే చూపిస్తాయి. రోగుల లెక్క వేరు. లెడర్లీలోనే రూపుదిద్దుకున్న మెథోట్రెక్సేట్‌ను జూబ్లీహిల్స్ ఆసుపత్రుల్లో ఇవాళ క్యాన్సర్‌కూ, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కూ రాస్తున్నారు. మందుచీటీ రాసే డాక్టరు ఏ పేపరునూ ఉటంకించనక్కర్లేదు.