ప్రకాశం బ్యారేజి: రెండు పనులు చేసే కట్టడం

ఈ భాగం చదివిన తరువాత ఆనకట్టకూ బ్యారేజికీ గల తేడాను, విజయవాడ, తాడేపల్లి పట్టణాలను కలిపే ప్రకాశం బ్యారేజి చరిత్రను మీరు వివరించగలుగుతారు.

1. ఆనకట్ట

విజయవాడలో ఇంద్రకీలాద్రికీ, ఆవలి గట్టున సీతానగరం కొండకూ నడుమ కృష్ణానది ఇరుకుగా ప్రవహిస్తుంది. సర్ ఆర్థర్ కాటన్ ప్రణాళిక ప్రకారం కెప్టెన్ ఛార్లెస్ ఓర్ ఇక్కడ 1852–55 మధ్య ఆనకట్ట నిర్మించాడు. నదికి అడ్డంగా కట్టిన ఈ రాతిగోడ నీటిమట్టాన్ని పెంచి, రెండు వైపులా ఉన్న కాలువలకు నీరు అందించేది. వరద వస్తే గోడ మీదుగా పొర్లిపోయేది.

దాదాపు వందేళ్లు పనిచేసిన ఆ ఆనకట్ట 1952లో తెగిపోయింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. గోడ తెగితే నీటిమట్టం పడిపోతుంది. అప్పుడు నదిలో నీరు పారుతున్నా కాలువకు ఎక్కదు. డెల్టా రైతుకు అదే అసలు ప్రమాదం.

2. బ్యారేజి

ఆనకట్టకు బదులుగా బ్యారేజి నిర్మాణం 1954 ఫిబ్రవరి 13న ప్రారంభమైంది. ఆనకట్టలో నీటిని ఆపేది గోడ, బ్యారేజిలో గేట్లు. వరద వస్తే గేట్లు ఎత్తి నీటిని వదలవచ్చు. 1,223.5 మీటర్ల పొడవున్న ఈ కట్టడానికి 70 గేట్లు ఉన్నాయి. గేట్లను నిలపడానికి వరుసగా స్తంభాలు ఎలాగూ కట్టాలి. వాటిపైనే రోడ్డు వేయడంతో బ్యారేజి వంతెన కూడా అయింది. 1957 డిసెంబర్ 24న దీనిపై రాకపోకలు మొదలయ్యాయి. అదే ఏడాది మే 20న మరణించిన ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పేరు దీనికి పెట్టారు.

3. వంతెన భారం

కాలక్రమంలో వాహనాలు పెరిగాయి. 1995లో జాతీయ రహదారిపై కనకదుర్గ వారధి రావడంతో భారీ వాహనాలు అటు మళ్లాయి. బ్యారేజిపై వాటిని నిషేధించారు. దారికి మరో వంతెన కట్టుకోవచ్చు. సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టుకు నీరిచ్చే ఈ గేట్లకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు.

2024 సెప్టెంబర్ వరదలో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం వచ్చింది. కొట్టుకువచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లను ఢీకొని దెబ్బతీశాయి. రోజూ దీనిపై ప్రయాణించేవారికి ఇది వంతెనగానే కనిపించవచ్చు. దీని మొదటి పని మాత్రం నీటిని నిలపడం.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ఆనకట్ట తెగితే నదిలో నీరున్నా కాలువలకు ఎందుకు అందదు?
2. బ్యారేజిపై భారీ వాహనాల నిషేధం సమంజసమేనా? కారణాలతో చర్చించండి.